పొట్లంలో నాలుక

మా పెద్దమ్మకు నిద్ర సరిగ్గా పట్టడం లేదంటే ఎవరో గావ్‌జబాన్ ఆకు కషాయం మంచిదన్నారు. దాని కోసం సికింద్రాబాదులో ఒక యునానీ మందుల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన సీసాలోంచి గుప్పెడు ఎండుటాకులు తీసి, పాత ఉర్దూ పత్రిక కాగితంలో పొట్లం కట్టాడు. "గావ్ అంటే ఆవు, జబాన్ అంటే నాలుక. ముట్టుకుని చూడండి, మీకే తెలుస్తది" అన్నాడు. ముట్టుకున్నాను. ఆకు నిండా తెల్లటి చుక్కలు, చుక్కచుక్కకీ బిరుసైన నూగు. ఆవు అరచేతిని నాకినట్టే ఉంది.

ఆ కషాయం పెద్దమ్మకు ఇవ్వలేదు. ఈ మొక్క బొరాజినేసీ కుటుంబానిది. ఆ కుటుంబంలో చాలా మొక్కల్లో కాలేయానికి చేటు చేసే రసాయనాలుంటాయి. పెద్దమ్మ అప్పటికే వేరే మందులు వాడుతోంది కనుక డాక్టరు వద్దన్నారు. పొట్లం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. దాని పేరు వెంట వెళ్లిన నేను, చివరికి నా ఊరి పేరు దగ్గరే తేలాను.

యునానీ అంటే యూనాన్ దేశపు వైద్యం. గ్రీకు దేశానికి అరబ్బులూ పారశీకులూ పెట్టుకున్న పేరు యూనాన్. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు నుంచి వచ్చిందది. మన పురాణాల్లోని యవనులు కూడా వాళ్లే. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డయాస్కరైడిస్ అనే గ్రీకు వైద్యుడు మందుమొక్కల మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో బూగ్లోస్సోన్ అనే మొక్క ఉంది. 'బూస్' అంటే ఎద్దు, 'గ్లోస్సా' అంటే నాలుక. ఆ ఆకును ద్రాక్షసారాలో వేసుకుని తాగితే మనసు ఉల్లాసంగా ఉంటుందని అక్కడి నమ్మకం. గావ్‌జబాన్ గుండెకూ మనసుకూ నెమ్మదినిస్తుందని హకీములు నేటికీ చెప్పే మాటకు మూలం అంత దూరాన ఉంది.

తొమ్మిదో శతాబ్దంలో ఆ గ్రంథాన్ని బాగ్దాదులో స్టెఫనోస్ అనే పండితుడు అరబ్బీలోకి తెచ్చాడు. హునైన్ ఇబ్న్ ఇషాక్ దాన్ని సరిదిద్దాడు. స్టెఫనోస్ పనితీరును తర్వాతి శతాబ్దంలో కార్డోబా వైద్యుడు ఇబ్న్ జుల్‌జుల్ రాసిపెట్టాడు. తెలిసిన మొక్కకు స్టెఫనోస్ అరబ్బీ పేరు పెట్టాడట. తెలియని మొక్కకు గ్రీకు పేరునే అరబ్బీ అక్షరాల్లో రాసి వదిలేశాడట, ముందుముందు తెలిసినవాడిని దేవుడే పంపుతాడన్న నమ్మకంతో. అనువాదకుడి నిజాయితీకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బూగ్లోస్సోన్ తెలిసిన మొక్కల జాబితాలో పడింది. అరబ్బీలో 'లిసాన్ అల్ సౌర్' అయింది, అంటే ఎద్దు నాలుక. పారశీకంలో గావ్‌జబాన్ అయింది. ఆ పేరుతోనే దక్కనుకు వచ్చింది. చార్మినారు పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాల విద్యార్థులు ఆ పేరుతోనే చదువుకుంటారు. దారిలో మొక్క కూడా మారింది. మన బజారులో ఈ పేరుతో అమ్మేది ఎక్కువగా హిమాలయాల్లో పెరిగే ఒనోస్మా. ఒక్క గ్రీకు అక్షరం మిగలలేదు, మొక్క కూడా పాతది కాదు, నాలుక మాత్రం నిలిచింది.

మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోవడానికి రెండు తోవలున్నాయి. ఒకటి అర్థం తోవ, గావ్‌జబాన్ నడిచింది అందులోనే. రెండోది శబ్దం తోవ, స్టెఫనోస్ తెలియని మొక్కల్ని పంపించింది అందులో. సికింద్రాబాదు అనే పేరు వచ్చింది ఈ రెండో తోవనే.

1803 నుంచి 1829 దాకా హైదరాబాదును ఏలిన మూడో ఆసఫ్ జా పేరు సికందర్ జా. హుస్సేన్ సాగరుకు ఈశాన్యాన ఇంగ్లీషు దండు విడిసిన చోటుకు 1806లో ఆయన పేరు పెట్టారు. తెలుగువాళ్లు దాన్ని లష్కర్ అన్నారు. లష్కర్ బోనాలు అనే మాటలో ఆ దండు ఇంకా మిగిలే ఉంది. సికందర్ అంటే అలెగ్జాండరే. గ్రీకులో అలెక్సాండ్రోస్, మనుషుల్ని కాచేవాడని అర్థం. ఆ మాట చెవిన పడగానే అరబ్బులు మొదటి 'అల్' తమ భాషలో నామవాచకాల ముందు వచ్చే 'అల్' అనే అనుకుని విడదీశారు. మిగిలిన భాగంలో 'క్స' కాస్తా 'స్క' అయింది. రెండు హల్లులతో మాట మొదలెట్టడం వాళ్ల నాలుకకు అలవాటు లేదు కనుక ముందో 'ఇ' చేరింది. అలా ఇస్కందర్. పారశీకంలో ఆ 'ఇ' జారిపోయి సికందర్. క్రీస్తుపూర్వం 326లో బియాస్ నది దగ్గరే వెనుదిరిగిన అలెగ్జాండర్ దక్కను ముఖం చూడలేదు. ఆయన పేరు మాత్రం ఇన్ని నాలుకల మీద తిరిగి మన రైల్వే స్టేషన్ బోర్డు మీదికెక్కింది.

ఆ మార్పులన్నీ ఇప్పటికీ స్టేషన్ ముందు ఆటో స్టాండులో వినిపిస్తాయి. ఉర్దూ మాట్లాడే డ్రైవరు 'ఇస్టేషన్' అంటాడు. అది ఇస్కందర్‌లోని ఇకారమే. తెలుగు డ్రైవరు 'టేసను' అని ముందున్న సకారాన్నే తీసేస్తాడు. బళ్లో డెస్కును 'డెక్సు' అనే పిల్లలు, ఏనాడో అరబ్బులు చేసిన మార్పును తిరగేసి చేస్తున్నారు. ఇది బద్ధకం కాదు, చదువు లేకపోవడం అంతకన్నా కాదు. 'స్' అనేది ఒక బుస. పక్కనున్న శబ్దానికి ముందు వచ్చిందో వెనక వచ్చిందో ఆ బుసను చెవి కచ్చితంగా పట్టుకోలేదు. చెవి తడబడిన చోట నాలుక తన వరస తాను పెట్టుకుంటుంది. భాషాశాస్త్రంలో దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. ద్రావిడ భాషల్లో ఈ అలవాటు తెలుగుకు బాగా ఎక్కువ. తమిళంలో ఉరల్ మనకు రోలు అయింది. అక్కడ ఇరండు, ఇక్కడ రెండు. అచ్చులు అటూ ఇటూ అయిన ఈ వరసను శాస్త్రీయంగా విడమరిచిన భద్రిరాజు కృష్ణమూర్తి పనిచేసింది పక్కనే, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో.

మళ్లీ గ్లోస్సా దగ్గరికి. సంస్కృత జిహ్వ, పారశీక జబాన్, లాటిన్ లింగ్వా, ఇంగ్లీషు టంగ్, పైకి ఎంత వేరుగా కనిపించినా ఒక తల్లి పిల్లలు. అదే కుటుంబానికి చెందిన గ్రీకు మాత్రం ఆ పాత మాటను వదిలేసి కొత్తది తెచ్చుకుంది. కంకికి ఉండే ముల్లునూ, మొనదేలిన దేన్నైనా చెప్పే మాటలకు గ్లోస్సా దగ్గరి చుట్టం. అంటే నాలుకను వాళ్లు 'మొన' అన్నారు. ఏథెన్సు వాళ్లు దాన్నే 'గ్లోత్తా' అనేవారు. అందుకే నేటి శాస్త్రపదాల్లో కొన్ని గ్లాస్ అనీ, కొన్ని గ్లాట్ అనీ కనిపిస్తాయి. పెదవులకు రాసుకునే గ్లాస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది మెరుపుకు సంబంధించిన వేరే మాట.

జబాన్, టంగ్ లాగే గ్లోస్సాకూ భాష అనే అర్థం ఉంది. తెలుగు నాలుక ఆ పని చేయదు. మనం భాషను నుడి అంటాం, పలుకు అంటాం. మాట ఇచ్చి తప్పితే నాలుక మడతేశాడంటాం, పొరపాటున అనేస్తే నాలుక కరుచుకుంటాం. భాషకు మాత్రం నాలుక పేరు పెట్టలేదు.

గ్రీకు మాట భాష దగ్గర ఆగకుండా ఇంకో అడుగు వేసింది. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో గ్లోత్తా అంటే మన ఊళ్లో వాడని, వేరే చోటి మాట అంటాడు. సైప్రస్ వాళ్లు ఈటెకు వాడే మాట వాళ్లకు మామూలుది, మనకు గ్లోత్తా అని ఉదాహరణ కూడా ఇస్తాడు. ఇది అర్థం కావాలంటే మోండా మార్కెట్టుకు వెళ్తే చాలు. అమ్మేవాళ్లు ఆనిగెపుకాయ అంటే గుంటూరు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒక్క క్షణం ఆగి, సొరకాయ కోసమే చెయ్యి చాపుతుంది. తొవ్వ, సోపతి ఒకరి నోట నిత్యం నలిగే మాటలు, ఇంకొకరికి గ్లోత్తాలు. ఏ మాటా పుట్టుకతో వింతది కాదు, వినేవాడు ఏ ఊరివాడన్నదే తేడా. ఈ సంగతిని అరిస్టాటిల్ రెండు వాక్యాల్లో చెప్పేశాడు. తెలంగాణ మాటను మాండలికమని పక్కన కూర్చోబెట్టిన రోజుల్లో ఆ రెండు వాక్యాలు మన బడుల్లో ఎవరైనా చదివి వినిపించి ఉంటే ఎంత బాగుండేది!

వింత మాట అనే అర్థం నుంచి ఆ మాటకు చెప్పే వివరణ అనే అర్థం, అక్కడి నుంచి వివరణల జాబితా. ఇంగ్లీషులో గ్లాసరీ ఇలా వచ్చిందే. అలాంటి జాబితాలు పోగుపడిన గొప్ప చోటు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. అరబ్బీలో దాని పేరు ఇస్కందరియా. అదీ అలెగ్జాండర్ పేరిట వెలసిన ఊరే, మన సికింద్రాబాదుకు పేరులో అక్క. అక్కడి గ్రంథాలయానికి మొదటి అధిపతి జెనోడోటస్. హోమర్ కాలం నాటి మాటలు నాలుగైదు వందల ఏళ్లలో మరుగున పడిపోతే, వాటిని అక్షరక్రమంలో పేర్చి అర్థాలు రాశాడు. ఆయనకు కాస్త ముందు కోస్ ద్వీపపు కవి ఫిలీటస్ వరసా వావీ లేకుండా దొరికిన వింత మాటలన్నీ కూర్చి, పుస్తకానికి ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు.

మన దేశంలోనూ ఇదే జరిగింది. నిఘంటువు అంటే నేడు మనకు ఏ డిక్షనరీ అయినా కావచ్చు. మొదట ఆ పేరు వేదాల్లోని కఠిన పదాల పట్టికది. ఆ పట్టికకు యాస్కుడు రాసిన వ్యాఖ్యానమే నిరుక్తం. పవిత్రంగా వల్లించే మాటలకే అర్థం జారిపోతుంటే గుండె గుభేలుమన్నవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ఇంగ్లీషువాళ్లకు వచ్చిన అవసరం వేరు. దండు, కచేరీ నడవాలంటే కింది వాళ్లేమంటున్నారో తెలియాలి. విల్సన్ 1855లో అచ్చువేసిన రెవెన్యూ, న్యాయ పదాల గ్లాసరీలో తెలుగు మాటలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ కూడా తనను తాను గ్లాసరీ అనే చెప్పుకుంది. మన పందికొక్కు బాండికూట్ అయిన వైనం అందులో ఉంది. శబ్దం తోవన వెళ్లిన ఆ మాట తర్వాత సముద్రం దాటి, ఆస్ట్రేలియాలో సంచి ఉండే ఒక చిన్న జంతువుకు పేరైంది.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది మాండలిక వృత్తి పదకోశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మొదటి సంపుటం వేసింది, వ్యవసాయ పదాలతో. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఇక్కడ పదాలు ఏరింది కావ్యాల్లోంచి కాదు. జిల్లా జిల్లాకూ వెళ్లి రైతునూ నేతగాడినీ, ఇది చూపించి దీన్నేమంటారు, ఆ పని చేస్తూ దాన్నేమంటారు అని అడిగి రాసుకున్నారు. నాగలిలో ఒక్కో భాగానికీ ఊరూరికీ ఒక పేరు. ట్రాక్టరు వచ్చాక ఆ పేర్లలో ఎన్ని నోటి మీద మిగిలాయో ఏ రైతునడిగినా చెబుతాడు. సరైన సమయానికి చేసిన పని అది.

ఇక నోట్లో ఉన్న అసలు నాలుక సంగతి. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుందని మనవాళ్లంటారు. మాట మార్చేవాడి మీద ఆ కోపం న్యాయమే కానీ నాలుకకు నరాలు బోలెడు. ముందు భాగపు స్పర్శకు ఒక నాడి, అక్కడి రుచికి వేరే నాడి, వెనక మూడో వంతుకు రుచీ స్పర్శా రెండూ చూసే ఇంకో నాడి, కదలికకు మరొకటి. అన్నీ మెదడు నుంచి నేరుగా వచ్చేవే. వెనక భాగాన్ని చూసేది గ్లాసోఫారింజియల్, నాలుకకూ గొంతుకూ ఉమ్మడి నాడి. కదిలించేది పన్నెండోదైన హైపోగ్లాసల్, నాలుక కిందుగా వచ్చే నాడి. పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు డాక్టరు నాలుక చాపమనేది దీని కోసం కూడా. ఒక వైపు హైపోగ్లాసల్ దెబ్బతింటే చాపిన నాలుక ఆ దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది. బాగున్న వైపు కండరం ముందుకు తోస్తే అవతలి వైపు ఎదురు తోపు ఉండదు మరి.

నాలుకకు లేనిది ఎముక. చెయ్యి కదలాలంటే కండరం ఎముకను లాగాలి. నాలుకలో కండరాలే ఒకదాన్నొకటి లాగుకుంటాయి. నీటిలాగే కండను నొక్కినా అది తరగదు. పక్కల నుంచి బిగిస్తే పొడవు సాగాల్సిందే. తడిపిన పిండిముద్దను గుప్పిట్లో పిసికితే వేళ్ల సందుల్లోంచి బయటికొస్తుందే, అలాగ. ఏనుగు తొండం, ఆక్టోపస్ చేతులు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయని 1985లో విలియం కియర్, కాత్లీన్ స్మిత్ వివరించారు. ఈ ఎముక లేనితనం వల్లే నాలుక మొన వెనక్కి మడుచుకుని అంగిలి తాకితే 'ళ' పలుకుతుంది, పళ్ల వెనక ఆనితే 'త' పలుకుతుంది.

ఇంకాస్త లోపలికి వెళ్తే గ్లాటిస్. స్వరతంత్రుల మధ్యనున్న సందు అది. గ్రీకులో గ్లోత్తిస్ అంటే సన్నాయి లాంటి వాద్యం నోట్లో పెట్టుకునే చోట ఉండే చిన్న నాలుక. గాలి తగిలితే అదిరి పలికేది కనుక ఆ పేరు గొంతులోకి వచ్చింది. తెలుగులో పీక అంటే గొంతూ అవుతుంది, జాతరలో పిల్లలు ఊదేదీ అవుతుంది. ఇద్దరిదీ ఒకే చూపు. బతికున్న మనిషి గ్లాటిస్ పనిచేయడాన్ని 1854లో మాన్యుయెల్ గార్సియా అద్దాలతో తన గొంతులోనే చూసుకున్నాడు. ఆయన డాక్టరు కాదు, పాటల పంతులు.

ఆ సందు పైన మూతలా ఉండేది ఎపిగ్లాటిస్. మన బడి పుస్తకాల్లో ఉపజిహ్విక. 'ఎపి'కి 'ఉప', 'గ్లాటిస్'కు 'జిహ్విక', ఇది అర్థం తోవ. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, మూత వాలుతుంది. ఆ క్షణంలో నవ్వినా మాట్లాడినా మెతుకు దారి తప్పుతుంది, పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తడతారు. అందరూ కొండనాలుక అనేది మాత్రం దీన్ని కాదు, నోరు తెరిస్తే వెనక వేలాడుతూ కనిపించేదాన్ని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతలోదీ అదే.

గ్లోస్సా నోరు దాటి కూడా వెళ్లింది. మొక్కల్లో పాము నాలుక లాంటి కంకి ఉండే ఓఫియోగ్లాసమ్ అనే ఫెర్న్ ఉంది. మనిషి కణంలో క్రోమోజోములు 46 అయితే, దాని జాతుల్లో ఒకదానికి సుమారు 1260. ఆఫ్రికాలో అతినిద్ర జబ్బును మోసే ఈగ పేరు గ్లోసైనా. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని ఏ దోమ పొట్టలో చూశాడో, ఆ అనాఫిలిస్‌ది కూడా గ్రీకు పేరే. అర్థం 'పనికిరానిది'.

భాషకు రెండు అంతస్తులుండటాన్ని డైగ్లాసియా అంటారు. పండితులు రాసేదొకటి, ఇంట్లో మాట్లాడేదొకటి. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ దీన్ని వివరిస్తూ ఎంచుకున్న నాలుగు ఉదాహరణల్లో గ్రీకు ఒకటి. ఇది గిడుగు రామమూర్తి జీవితమంతా కొట్లాడిన విషయమే. ఆయన 1940లో పోయారు. గ్రీకు ప్రభుత్వం పాత రాతభాషను బడుల్లోంచి తీసేసింది 1976లో.

అర్థం తెలియని భాషలతో ప్రార్థించడాన్ని గ్లాసలేలియా అంటారు. సికింద్రాబాదులో ఆదివారం పూట పెంతెకోస్తు ప్రార్థనలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఈ పలుకుల మీద విలియం సమారిన్ 1972లో ఒక పుస్తకం రాశాడు. ఆ పలుకుల్లోని ధ్వనులు మాట్లాడే మనిషికి ముందే తెలిసిన భాషలవేనని ఆయన గమనించాడు. మాట అర్థాన్ని దాటిపోయిన చోట కూడా అమ్మ దగ్గర నేర్చిన నాలుక వెంట వస్తుంది. నాకది విశ్వాసాన్ని తక్కువ చేసేదిగా అనిపించలేదు.

మా వీధి చివర లాలాగూడ వర్కుషాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. మొన్న పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని 'సింగల్' అన్నారు. సిగ్నల్ కదా తాతా అన్నాను. "సిగ్నల్ అనేది కాగితం మీద బిడ్డా. మేమైతే సింగల్ అనే అన్నం. సింగల్ పడ్డదా, లైన్ కిలేరు వచ్చిందా, ఇంతే మా మాట" అన్నారు. ఇంకా ఏమేమనేవారో చెప్పమన్నాను. సంటింగు దగ్గర మొదలుపెట్టారు. రాసుకోవడానికి చేతిలో కాగితం లేదు, సంచిలో పొట్లం ఉంది. ఆకులన్నీ సంచిలోకి గుమ్మరించి, ఆ ఉర్దూ కాగితం అంచున ఉన్న తెల్లని చోట్లో మొదటి మాట రాశాను. పక్కన అర్థం ఆయన చెబుతున్నారు.